12 ఏళ్ళు దున్నినంత మాత్రాన పొలం వాళ్ళదైపోతుందా?

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ సంగతి. తెనాలి దగ్గర మీ నాన్నగారి పేరున 2 ఎకరాల 40 సెంట్ల మాగాణి ఉంది, 1988లో రిజిస్ట్రేషన్ అయిన దస్తావేజు మీ దగ్గర ఉంది. 2009లో మీ కుటుంబం పుణె వెళ్ళిపోతూ, నాన్నగారి చిన్నాన్న కొడుకుకి, అంటే మీకు బాబాయి వరస అయ్యే ఆయనకి, పొలం చూసుకోమని అప్పగించారు. కాగితం ఏమీ రాసుకోలేదు. సంక్రాంతికి ఏటా 20 బస్తాలు ఇచ్చేవారు, 2017 నుంచి ఆపేశారు. నాన్నగారు 2021లో పోయారు. ఇప్పుడు మీరు అమ్ముదామని వెళ్తే బాబాయి గారు "పన్నెండేళ్ళు దాటిపోయింది, చట్టం ప్రకారం పొలం నాది" అంటున్నారు. ఊళ్ళో పెద్దమనుషులు కూడా అదే నిజమని తలూపారు. మీ ప్రశ్న: పొలం పోయినట్టేనా?

పోలేదు. కానీ మీరు ఇంకో రెండు మూడేళ్ళు ఇలాగే ఫోన్లలో మాట్లాడుకుంటూ కూర్చుంటే పోయే అవకాశం ఉంది. ఈ రెండు మాటలూ నిజమే, కాబట్టి కొంచెం ఓపికగా చదవండి. నేను గుంటూరు జిల్లా కోర్టుల్లో 26 ఏళ్ళుగా సివిల్ దావాలే చూస్తున్నాను, నా దగ్గరికి వచ్చే పొలం తగాదాల్లో ఈ పన్నెండేళ్ళ మాట వినిపించనివి చాలా తక్కువ.

ముందు ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను, ఎందుకంటే ఊళ్ళో పెద్దవాళ్ళు గాలిలోంచి తీసి చెప్పడం లేదు. 1908 నాటి పాత లిమిటేషన్ చట్టంలో (దావాలకి గడువు పెట్టే చట్టం), పొలం చేజారిపోయిందని దావా వేసిన ఓనరే "గత పన్నెండేళ్ళలోపు నేను ఆ పొలంలో ఉన్నాను" అని రుజువు చేసుకోవాల్సి వచ్చేది. దస్తావేజు ఎంత గట్టిదైనా ఆ రుజువు లేకపోతే ఓడిపోయేవాడు. మన తాతల కాలంలో అలా పొలాలు పోగొట్టుకున్నవాళ్ళు నిజంగానే ఉన్నారు, ఆ జ్ఞాపకమే ఊళ్ళల్లో ఇప్పటికీ నడుస్తోంది. 1963లో కొత్త చట్టం వచ్చి ఈ లెక్కని తిరగేసింది. ఇప్పుడు ఆర్టికల్ 65 ప్రకారం, హక్కు ఉన్న ఓనరు తన హక్కు చూపిస్తే చాలు. "లేదు, నేను వ్యతిరేకంగా అనుభవించి హక్కు సంపాదించుకున్నాను" అని రుజువు చేసుకోవాల్సిన భారం పొలంలో ఉన్నవాడి మీద పడుతుంది. పన్నెండేళ్ళు అనే అంకె అలాగే ఉంది, కానీ అది ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి అన్నది మొత్తం మారిపోయింది. ఆయన పొలంలోకి దిగిన రోజు నుంచి కాదు, ఆయన స్వాధీనం మీకు *వ్యతిరేకంగా* మారిన రోజు నుంచి.

ఆ వ్యతిరేకం అన్న ఒక్క మాట మీదే మీ కేసంతా ఉంటుంది. అడ్వర్స్ పొజెషన్ అంటే "చాలా ఏళ్ళు ఉన్నాను" అని కాదు. "ఇది నీది కాదు, నాది" అని అసలు ఓనరుకి తెలిసేలా, బహిరంగంగా, తెగకుండా పన్నెండేళ్ళు అనుభవించడం. బలవంతంగా ఉండకూడదు, దొంగచాటుగా ఉండకూడదు, ఒకరి అనుమతి మీద ఉండకూడదు. 2004లో కర్ణాటక వక్ఫ్ బోర్డు కేసులో సుప్రీం కోర్టు ఇదంతా విడమరిచి చెప్పింది: ఏ తేదీన స్వాధీనంలోకి వచ్చావు, ఏ రకంగా వచ్చావు, అవతలివాడికి ఆ సంగతి తెలుసా, ఎంతకాలం సాగింది, అడ్డంకి లేకుండా బాహాటంగా సాగిందా, ఇవన్నీ చెప్పి రుజువు చేయాలి. తేదీ చెప్పలేనివాడి వాదన అక్కడే సగం పడిపోతుంది.

మీ బాబాయి గారు ఎలా వచ్చారు? మీ నాన్నగారు చూసుకోమంటే వచ్చారు. అది అనుమతి. అనుమతితో వచ్చినవాడు పదేళ్ళున్నా 40 ఏళ్ళున్నా అది అనుమతే, మధ్యలో ఎప్పుడైనా ఎదురు తిరిగి "ఇక ఇది నాది" అని ఓనరు ముఖాన చెప్పేదాకా. 2012లో మరియా మార్గరీడా అనే గోవా కేసు ఒకటి ఉంది, అన్నాచెల్లెళ్ళ తగాదా, చెల్లెలి ఇంట్లో అన్న ఉండిపోయి ఖాళీ చేయనన్నాడు. కేర్‌టేకర్‌గా, పనివాడిగా, బంధువని ఊరికే ఉండనిచ్చినవాడిగా ఎన్నేళ్ళున్నా ఆస్తిలో ఏ హక్కూ రాదని అందులో సుప్రీం కోర్టు తేల్చింది. మీ లాయరుకి ఆ కేసు పేరు తప్పకుండా చెప్పండి.

ఇది కోర్టులో ఎలా తేలుతుందో ఒక సంఘటన చెప్తాను. కొన్నేళ్ళ క్రితం ఒక నిమ్మతోట కేసు. అవతలాయన 19 ఏళ్ళుగా తోటలో ఉన్నాడు, మోటారు కరెంటు బిల్లు ఆయన పేరున, ఏటా పొలం ఎవరు చేస్తున్నారో రాసే రెవెన్యూ రికార్డు అడంగల్‌లో అనుభవదారు కాలమ్‌లో ఆయన పేరు, చుట్టుపక్కల రైతులు నలుగురు వచ్చి "ఆయనే చేసుకుంటున్నాడు" అని సాక్ష్యం చెప్పారు. మా పార్టీ ముఖం పాలిపోయింది. క్రాస్‌లో (అంటే అవతలాయన్ని బోనులో ప్రశ్నించేటప్పుడు) నేను అడిగినవి మూడే ప్రశ్నలు. తోటలోకి మొదట ఎలా వచ్చారు? "మా బావగారు హైదరాబాదు వెళ్తూ చూసుకోమన్నారండి." కాయల డబ్బులు ఎవరు తీసుకున్నారు? "మొదటి మూడేళ్ళు ఆయనకే పంపానండి." మరి తోట మీదని ఆయనతో ఎప్పుడు చెప్పారు? ఆయన తన లాయరు వైపు చూశాడు, తర్వాత జడ్జిగారి వైపు చూశాడు, చివరికి "చెప్పడమేముందండి, ఆయనకి తెలుసు కదా" అన్నాడు. తీర్పులో ఆ మూడు జవాబులే ఎత్తి రాశారు. 19 ఏళ్ళూ అనుమతి కిందే జమ అయ్యాయి. కరెంటు బిల్లు, శిస్తు రసీదు, అడంగల్ ఎంట్రీ ఇవి ఎవరు పొలంలో ఉన్నారో చెప్తాయి, ఏ మనసుతో ఉన్నారో చెప్పవు.

ఇక మీకు ప్రమాదం ఎక్కడుందో చెప్పాలి. 2017లో బస్తాలు ఆపేశారన్నారు. ఊరికే ఆపేయడం ఎదురు తిరగడం కాదు, పంట పోయిందనో చేతిలో లేదనో ఆపి ఉండొచ్చు. కానీ ఆ ఏడు ఆయన మీ నాన్నగారితో "ఇక ఇవ్వను, పొలం నాది" అని నలుగురిలో అని ఉంటే, గడియారం ఆ రోజు మొదలైంది. 2017కి పన్నెండు కలిపితే 2029. ఆ రోజు దాటితే అదే లిమిటేషన్ చట్టం సెక్షన్ 27 వస్తుంది. చాలామందికి తెలియని సెక్షన్ ఇది: గడువు దాటాక మీకు దావా వేసే అవకాశం పోవడం మాత్రమే కాదు, ఆస్తి మీద మీ హక్కే ఆరిపోతుంది. అప్పు విషయంలో అలా కాదు, గడువు దాటిన అప్పుని కోర్టులో వసూలు చేసుకోలేరు గానీ అప్పు అప్పుగానే ఉంటుంది. భూమికి మాత్రం హక్కే పోతుంది. 2019లో రవీందర్ కౌర్ గ్రేవాల్ కేసులో ముగ్గురు జడ్జీల బెంచి ఇంకో అడుగు ముందుకేసింది. అప్పటిదాకా ఈ వాదన ప్రతివాది తనని కాపాడుకోడానికే పనికొస్తుందనుకునేవాళ్ళు, ఆ తీర్పుతో పొలంలో ఉన్నవాడే వాదిగా కోర్టుకి వెళ్ళి "నాకు హక్కు వచ్చేసింది, డిక్లేర్ చేయండి" అని దావా వేయొచ్చని తేలిపోయింది. (ఆ బెంచిలో ఒకరైన జస్టిస్ అబ్దుల్ నజీర్ గారు తర్వాత 2023లో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చారు.)

అందుకని 2029 దాకా టైం ఉంది కదా అనుకోకండి. ఆయన 2017 అంటారో 2014 అంటారో సాక్షులని ఎవరిని తెస్తారో మీకు తెలియదు. అతి తక్కువ లెక్క వేసుకుని, ఇప్పుడే కదలండి. లాయరు నోటీసు ఇచ్చేస్తే గడియారం ఆగుతుందని చాలామంది నమ్ముతారు. ఆగదు. నోటీసులు పది ఇచ్చినా ఆగదు, ఎమ్మార్వోకి అర్జీ పెట్టినా ఆగదు, ప్రభుత్వ ఫిర్యాదుల వేదిక "మీ కోసం"లో కంప్లైంటు ఇచ్చినా ఆగదు. దావా కోర్టులో నంబరు పడేలా వేస్తేనే ఆగుతుంది.

ఆయన ఇంకో రకం వాదన తెచ్చే అవకాశం ఉంది, దానికి సిద్ధంగా ఉండండి. "2009లో అన్నయ్య నాకు నోటిమాటగా అమ్మేశాడు, డబ్బు ఇచ్చేశాను." ఇది విని నవ్వి వదిలేయకండి. వంద రూపాయలు దాటిన భూమి అమ్మకం రిజిస్ట్రేషన్ లేకుండా చెల్లదు, నిజమే. కానీ చెల్లని అమ్మకం కింద పొలంలోకి వచ్చినవాడు అనుమతితో వచ్చినవాడు కాదు, తనదనుకునే వచ్చినవాడు. అలాంటి వాడి స్వాధీనం మొదటి రోజు నుంచే వ్యతిరేకమని కోర్టులు చాలాకాలం నుంచి అంటున్నాయి. అదే, అమ్మకం ఒప్పందం అంటే అగ్రిమెంటు మాత్రమే ఉండి, రిజిస్ట్రేషన్ ముందు ముందు చేయిస్తానన్న మాట మీద పొలంలోకి వస్తే, అది అనుమతి కిందికే వస్తుంది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఫలితం మాత్రం తారుమారు. అందుకే మీ వైపు బస్తాల లెక్క అంత ముఖ్యం. 2009లోనే కొనేసినవాడు 2016 దాకా సంక్రాంతికి బస్తాలు ఎందుకు మోశాడు? ఈ ఒక్క ప్రశ్నకి ఆయన దగ్గర జవాబు ఉండదు. పైగా "కొన్నాను" అని ఒక నోటితో, "అడ్వర్స్ పొజెషన్" అని ఇంకో నోటితో చెప్పడం కుదరదు, ఎందుకంటే మొదటిది తానే ఓనరునని చెప్పడం, రెండోది ఓనరు వేరొకరని ఒప్పుకుని ఆయనకి ఎదురుగా ఉన్నానని చెప్పడం. జవాబు దావాలో ఈ రెండూ కలిపి రాసేవాళ్ళు చాలామంది, అది వాళ్ళకే చేటు.

ఈ చట్టం దొంగల కోసమే ఉందని మీరు కోపంగా రాశారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది, 2008లో హేమాజీ వాఘాజీ కేసులో సుప్రీం కోర్టే ఈ చట్టం అసంబద్ధంగా ఉందని, కేంద్రం మళ్ళీ ఆలోచించాలని అంది. తర్వాత లా కమిషన్ 2023లో ఇచ్చిన 280వ రిపోర్టులో మార్చక్కర్లేదని చెప్పింది. నా మటుకు నేను లా కమిషన్ వైపే ఉంటాను, దానికి కారణం ఒక ముసలావిడ.

ఆవిడకి పెళ్ళప్పుడు, 1974లో, పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద 70 సెంట్లు ఇచ్చారు. మన వైపు ఎలా ఇస్తారో మీకు తెలుసు, పీటల మీద కూర్చోబెట్టి, నలుగురిలో చెప్పి ఇస్తారు, రిజిస్ట్రేషన్ ఎవరు చేయించారు ఆ రోజుల్లో? నలభై ఏళ్ళ తర్వాత ఆ ఊరు పక్కన రోడ్డు పడి రేటు పెరిగేసరికి, అన్న కొడుకులు దావా వేశారు: పొలం మా తాత పేరున ఉంది, గిఫ్టు రిజిస్టరు కాలేదు, చెల్లదు, మేనత్త ఖాళీ చేయాలి. చట్టం అక్షరం ప్రకారం గిఫ్టు నిజంగానే చెల్లదు. ఆవిడ ఒక చిన్న ట్రంకు పెట్టె తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది, అందులో శిస్తు రసీదులు, ఏళ్ళ వారీగా పసుపు దారంతో కట్టలు కట్టి. కానీ కేసు గెలిపించింది ఆ రసీదులు కాదు. 1991లో ఆవిడ అన్నదమ్ములు పంచుకున్నప్పుడు రిజిస్టరు చేయించిన పారీఖత్తులో (పంపకాల పత్రంలో), పెద్దన్న వాటాకి హద్దులు రాస్తూ "తూర్పు: మా చెల్లెలి భూమి" అని రాసుకున్నారు. ఇదే దావా వేసినవాళ్ళ తండ్రి సంతకం కింద. అంటే ఆవిడ తనదిగా అనుభవిస్తోందని వాళ్ళకి తెలుసు, ఒప్పుకున్నారు, పన్నెండేళ్ళు కాదు ఇరవై ఏళ్ళకి పైగా ఊరుకున్నారు. ఆవిడకి హక్కు ఇచ్చింది అడ్వర్స్ పొజెషనే. ఆ చట్టం లేకపోతే ఆ వయసులో ఆవిడ గట్టు దిగి నడవాల్సి వచ్చేది. కాబట్టి చట్టాన్ని తిట్టుకోకుండా, అది ఎవరికి వర్తిస్తుందో ఎవరికి వర్తించదో చూద్దాం. మీ బాబాయి గారికి వర్తించదన్నది నా అభిప్రాయం.

సరే, ఇప్పుడు ఏం చేయాలో.

ముందు చేయకూడనివి. పొలంలోకి ట్రాక్టరు తోలుకుని వెళ్ళకండి, మీకు అలా సలహా ఇచ్చిన ఫ్రెండు మాట వినకండి. ఆయన స్వాధీనంలో స్థిరపడి ఉన్నాడు. ఓనరు అయినా సరే చట్టం దారి తప్ప బలవంతంగా ఖాళీ చేయించకూడదు. మీరు అలా చేస్తే ఆయన స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు దావా వేసి, మీ దస్తావేజు జోలికే పోకుండా, మళ్ళీ పొలంలోకి వస్తాడు. పైగా మీ మీద క్రిమినల్ కేసు. పోలీసుల దగ్గరికి వెళ్ళినా సివిల్ తగాదా అని పంపించేస్తారు, నిజానికి అదే సరైన పని కూడా.

ఇంకో పొరపాటు, దీనికి పార్టీల కంటే లాయర్లదే ఎక్కువ తప్పు: పొలం ఆయన చేతిలో ఉండగా ఒట్టి ఇంజంక్షన్ (అవతలివాడు పొలం జోలికి రాకుండా ఆపే ఆర్డరు) దావా వేయడం. కోర్టు ఫీజు తక్కువ అవుతుందని, త్వరగా ఆర్డరు వస్తుందని వేసేస్తారు. మీరు స్వాధీనంలో లేనప్పుడు ఇంజంక్షన్ ఇవ్వరు. వరంగల్ నుంచి వెళ్ళిన అనాతుల సుధాకర్ కేసులో 2008లో సుప్రీం కోర్టు ఇది తేటతెల్లంగా చెప్పింది: స్వాధీనం పోయి ఉంటే స్వాధీనం అడగాలి, హక్కు మీదే నీలినీడలు ఉంటే డిక్లరేషన్ కూడా అడగాలి. తప్పు దావా వేసి ఏడెనిమిదేళ్ళు నడిపి, చివర్లో కొట్టేశాక నా దగ్గరికి వచ్చినవాళ్ళని చూశాను. అప్పటికి పన్నెండేళ్ళు నిండిపోతే వాళ్ళకి ఏం చెప్పాలి? కాబట్టి మీది డిక్లరేషన్ (హక్కు మీదని కోర్టు ప్రకటించడం), రికవరీ ఆఫ్ పొజెషన్ (పొలం తిరిగి స్వాధీనం చేయడం), ఆయన అనుభవించిన కాలానికి మీన్ ప్రాఫిట్స్ (ఆ కాలంలో పొలం మీద వచ్చిన ఆదాయం), మూడూ కలిపి ఉండాలి. కోర్టు ఫీజు మార్కెట్ విలువని బట్టి కట్టాలి, ఎక్కువే అవుతుంది, అయినా అక్కడ మిగుల్చుకోవాలని చూడకండి.

దావా రాసేముందు మీ లాయరుతో ఒక విషయం తేల్చుకోండి. ఆ 20 బస్తాలు కౌలా, లేక చూసుకుంటున్నందుకు మనిషి తనంతట ఇచ్చిందా? కౌలు అంటే కౌలుదారుని ఖాళీ చేయించడానికి దారి వేరు, ఆంధ్ర ప్రాంతంలో 1956 నుంచీ కౌలు చట్టం వేరేగా ఉంది, గడువు కూడా లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 67 ప్రకారం కౌలు ముగిసిన రోజు నుంచి లెక్క. కౌలుదారు ఓనరు హక్కునే కాదనలేడు, అది మీకు లాభం. చూసుకోమని అప్పగించారంటే మామూలు సివిల్ కోర్టు, ఇందాక చెప్పిన దావా. రెండూ గెలిచే దారులే, కానీ ఒక దావాలో ఒకటి రాసి, సాక్ష్యంలో ఇంకోటి చెప్పకూడదు. ఇంట్లో అమ్మగారిని, మీ అక్కని కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు అడిగి, ఒకే మాట మీద ఉండండి. అమ్మగారు, అక్క కూడా వారసులే, ముగ్గురూ వాదులుగా ఉంటేనే మంచిది. ఆడపిల్లని వదిలేసి వేస్తే అవతలివాళ్ళు ముందు దాని మీదే పడతారు.

కాగితాలు. 1988 దస్తావేజు ఒరిజినల్, అప్పటి నుంచి ఇప్పటిదాకా ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా), నాన్నగారి పాస్‌బుక్, 1బి (రెవెన్యూ భూ ఖాతా). అడంగల్ సర్టిఫైడ్ కాపీలు ఒక్క ఏడాదివి కాదు, ఫసలీ 1415 నుంచి ఏడాదీ వదలకుండా అన్నీ తీయించండి (ఫసలీ అంటే రెవెన్యూ ఏడాది, ఫసలీ 1419 అంటే 2009 జూలై నుంచి 2010 జూన్, అలా లెక్క). అనుభవదారు కాలమ్‌లో ఆయన పేరు ఏ ఫసలీలో మొదలైంది, అక్కడ "కౌలు" అని ఉందా లేక ఖాళీగా ఉందా చూడాలి. కౌలు అని ఉంటే ఆయన కేసు అక్కడితో సగం అయిపోయినట్టే. మీ ఊళ్ళో రీసర్వే అయిపోయి ఉంటే కొత్త ఎల్‌పీఎం నంబరు (రీసర్వేలో పొలానికి ఇచ్చే కొత్త నంబరు) మీద ఎవరి పేరు ఎక్కించారో వెంటనే చూడండి, పాత సర్వే నంబరు పట్టుకుని కూర్చుంటే తెలియదు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుని, రికార్డుల్లో మీ పేర్లు ఎక్కేలా వారసత్వం మ్యుటేషన్‌కి పెట్టండి. చనిపోయిన మనిషి పేరున పొలం అలా వదిలేయడం మీరు చేసిన పెద్ద పొరపాటు, ఏమనుకోకండి.

వాట్సాప్ వెతకండి, నాన్నగారి ఫోను ఇంకా ఇంట్లో ఉంటే అది ముట్టుకోకుండా దాచండి. "అన్నయ్యా, ఈ ఏడు మినుము పోయింది, వచ్చే సంక్రాంతికి కలిపి ఇస్తా" లాంటి మెసేజ్ ఒక్కటి దొరికినా, 2017లో ఆయన ఎదురు తిరిగాడన్న వాదన నిలవదు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే చాలదు, కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఉండాలి, అది పాత 65బి లాంటిదే, మీ లాయరు చేయిస్తారు.

ఈ జవాబు చదివే మిగతావాళ్ళ కోసం రెండు మాటలు. సర్కారు భూమి మీద ఈ లెక్క పన్నెండు కాదు 30 ఏళ్ళు, రుజువులు కూడా చాలా గట్టిగా అడుగుతారు. ఏజెన్సీలో గిరిజనుల భూమి మీద గిరిజనేతరులకి ఇలా హక్కు రాదు, 1959 నాటి భూ బదలాయింపు రెగ్యులేషన్, దానికి 1970లో చేసిన సవరణ అందుకే ఉన్నాయి. ప్రభుత్వం మీ భూమిలో రోడ్డు వేసేసి "ఇన్నేళ్ళయింది" అంటే కూడా కుదరదు. 1967–68లో హిమాచల్‌లో రోడ్డు కోసం భూమి పోగొట్టుకున్న చదువురాని విధవరాలు విద్యాదేవి గారికి 2020లో సుప్రీం కోర్టు నష్టపరిహారం ఇప్పించింది, ప్రభుత్వం పౌరుడి మీద అడ్వర్స్ పొజెషన్ అనలేదని చెప్పి. అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తిలో ఒకడే ఉన్నా, అది అందరి తరఫునా ఉన్నట్టే లెక్క, మిగతావాళ్ళని బయటికి నెట్టినట్టు స్పష్టంగా చూపిస్తే తప్ప. 1957లో పి. లక్ష్మీరెడ్డి కేసు నుంచి ఇదే మాట.

ఇంకో మాట మాత్రం కొంచెం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల మన జిల్లాల్లో రెండు వైపులా నష్టపోతున్నారు. కౌలు రైతు పేరు కాగితం మీద పడితే పొలం పోతుందని ఓనర్లకి భయం. ఆ భయంతో రెండు మూడేళ్ళకోసారి రైతుని మార్చేస్తారు, 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద సీసీఆర్‌సీ కార్డుకి (కౌలు రైతుకిచ్చే సాగు హక్కు కార్డుకి) సంతకం పెట్టమంటే పెట్టరు. ఆ కార్డు లేక కౌలు రైతుకి బ్యాంకులో పంట రుణం దొరకదు, పంట పోతే పరిహారం పొలంలో కాలు పెట్టని ఓనరు ఖాతాలో పడుతుంది. ఇది చూస్తే కడుపు రగిలిపోతుంది. నిజానికి లెక్క పూర్తిగా తిరగబడి ఉంది. ఆ ఒప్పందం 11 నెలలది, దానివల్ల భూమి మీద హక్కేమీ రాదని ఆ చట్టంలోనే ఉంది. దాని మీద రైతు సంతకం పెట్టాడంటే "పొలం మీది, నేను మీ అనుమతితో చేస్తున్నాను" అని ఏటా రాసిచ్చినట్టే. అలాంటి కాగితం ఏటా ఒకటి ఉన్నవాడి మీద అడ్వర్స్ పొజెషన్ ఎవడు వేయగలడు? మీ నాన్నగారు 2009లో బాబాయి గారితో ఒక్క ఠావు కాగితం రాయించుకుని ఉంటే మీరు ఇవాళ ఈ ప్రశ్న అడిగేవారే కాదు. తమ్ముడి దగ్గర కాగితం అడిగితే బాగుండదని ఊరుకుని ఉంటారు, నాకు తెలుసు, అందరూ అలాగే ఊరుకుంటారు. పొలం అప్పగించి దూరంగా ఉంటున్నవాళ్ళెవరైనా ఉంటే ఈ సంక్రాంతికే ఆ కాగితం రాయించండి, కౌలు డబ్బు చేతికి కాకుండా బ్యాంకు ఖాతాకి వేయమనండి, అది కూడా రికార్డే.

రాజీ సంగతి కూడా అడిగారు. నేను వద్దనను. దావా వేసి, ఆ తర్వాత రాజీ మాట్లాడండి, ముందు కాదు. మాటల్లో ఏడాది గడిచిపోతే నష్టం మీకే గానీ ఆయనకి కాదు. ఆయన ఇన్నేళ్ళు ఆ నేల బాగుచేసి ఉంటే, బోరు వేసి ఉంటే, దానికి ఎంతో కొంత ఇవ్వడం న్యాయమే, చట్టం కోసం కాకపోయినా మీ పిన్ని మొహం మళ్ళీ చూడాలి కదా. దావా నడుస్తుండగా లోక్ అదాలత్‌లో కుదిరితే ఆ అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి వస్తుంది.

మీ నాన్నగారు బస్తాల లెక్క రాసుకునే పుస్తకం ఒకటి ఉండేదని మీరు మధ్యలో ఒక వాక్యంలో రాసి వదిలేశారు. అసలు మీరు మొదట రాయాల్సింది అదే. పుణెలో లేకపోతే తెనాలి ఇంట్లో అటక మీద వెతికించండి. దొరికితే పేజీలు చింపకుండా, పైన ఏమీ రాయకుండా అలాగే ఉంచి, బాబాయి గారి సంతకం చివరిగా ఏ సంక్రాంతికి ఉందో ఇక్కడ చెప్పండి. 2017కి ముందా తర్వాతా అన్నదాన్ని బట్టి దావాలో మొదటి పేరా ఎలా రాయాలో చెప్తాను.